రంగు తేలని నీళ్లు

చిన్న గాజు గొట్టంలో చేపల తొట్టి నీళ్లు పట్టి, పొడి వేసి, మూత బిగించి ఊపాడు అతను. నీళ్లలో నైట్రేటు ఉంటే గులాబీ రంగు తేలాలి. కిటికీ దగ్గరికి వెళ్లి గొట్టం వెనక తెల్ల కాగితం పెట్టి చూశాడు. రంగు లేదు. రెండో గొట్టంలో ఫాస్ఫేటు చూశాడు. అందులో నీలం తేలాలి. అదీ తేలలేదు. రెండు గొట్టాలూ అప్పుడే కడిగి మంచినీళ్లు పట్టినట్టు ఉన్నాయి.

జనం తాగే నీళ్లను పరీక్షించే ల్యాబులో అతని ఉద్యోగం. బావుల నీళ్లు, ట్యాంకుల నీళ్లు, కుళాయి నీళ్లు రోజూ సీసాల్లో అతని బల్ల మీదికి వస్తాయి. అక్కడ నైట్రేటు ఎంత తగ్గితే నీళ్లు అంత మంచివి. సున్నా వస్తే ఆ సీసా గురించి ఇక ఆలోచించనక్కర్లేదు. ఇప్పుడు కూడా సున్నా చూడగానే భుజాలు తేలికయ్యాయి. తలెత్తి తొట్టివైపు చూసేదాకానే ఆ తేలిక.

హాల్లో ఒక గోడంతా ఆ తొట్టే. ఉప్పునీళ్లు, రాళ్లు, రాళ్ల మీద భార్య పెంచిన పగడాలు. ఆమె పోయేనాటికి అవి ముదురు రంగుల్లో ఉండేవి. ఊదా, తేనె రంగు, వాన వెలిసినప్పటి ఆకుపచ్చ. ఇప్పుడు చాలాసార్లు ఉతికిన బట్టల్లా వెలిసిపోయాయి. వేళ్లలా ఊగే పగడం ముడుచుకుపోయింది. ఇసుక మీద గోధుమ రంగు జిగురు తీగలు తీగలుగా సాగి, మధ్యలో బుడగలు పట్టుకుని వేలాడుతోంది.

"మా అల్లుడు మళ్లీ నీళ్లకి జ్వరం చూస్తున్నాడు," అన్నాడు మామగారు కిటికీ పక్క కుర్చీలోంచి. "తగ్గిందా బాబూ?"

అతను నవ్వలేదు. "నీళ్లు బాగానే ఉన్నాయి మామయ్యా."

"నీళ్లు బాగుంటే మరి వీళ్లకేమొచ్చింది?"

మామగారు దర్జీ. కొట్టు మూసేసి చాలాకాలమైంది కానీ చెయ్యి ఊరుకోదు. కింది వీధిలో బట్టల కొట్టువాళ్లు చొక్కాలు పంపితే కాజాలు కుట్టి ఇస్తాడు. ఒళ్లో చొక్కా, మోకాలి మీద కత్తెర. దారం తెంపినప్పుడల్లా కత్తెర కిచ్ మంటుంది. కూతురు పోయినప్పటి నుంచి ఈ ఇంట్లో ఎక్కువగా వినిపించే చప్పుడు అదే.

తొట్టి అద్దం మీద పాచి పేరుకోవడానికి కారణం చేపల తిండి అని అతను అనుకున్నాడు. మామగారికి పొద్దున్నే టీ తాగి తొట్టిలో తిండి వెయ్యడం అలవాటు. రెండు వేళ్ల మధ్య, సుద్దముక్క పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకుని, కూతురు చేపలకు పెట్టిన పేర్లతో ఒక్కొక్కదాన్నీ పలకరిస్తూ వేసేవాడు. ఇక వెయ్యొద్దని పోయిన నెల అతను మెల్లగానే చెప్పాడు. తనే రోజు విడిచి రోజు కాస్త వేస్తానన్నాడు. ఆ తర్వాత పగడాలు తెల్లబడటం మొదలైంది. ఫాస్ఫేటును పీల్చేసే తుప్పురంగు గుళికల సంచి కొని పంపు దగ్గర పెట్టాడు. అయినా ఆగలేదు. చేపలు ఎక్కువైతే మురికి ఎక్కువని, కొన్నింటిని పట్టి షాపులో ఇచ్చేశాడు. తొట్టి ఈ చివర నుంచి ఆ చివరకు చేతులు వెనక్కి కట్టుకున్నట్టు తిరిగే పసుపు చేప కూడా వాటిలో పోయింది. దానికి ఆమె పెట్టిన పేరు హెడ్మాస్టరు.

"హెడ్మాస్టరుని ట్రాన్స్‌ఫర్ చేసేశావా?" అని మాత్రం అడిగాడు మామగారు ఆ రోజు.

గొట్టాల్లో రంగు తేలని ఈ సాయంత్రమే మరదలు, ఆమె భర్త వచ్చారు. నెలకోసారి తండ్రిని చూడటానికి వస్తారు. వాళ్ల వెనకే పై వాటా ఆవిడ కూడా వచ్చింది, భర్త ప్యాంటు పట్టుకుని. నడుము వదులు చెయ్యాలట.

"ఈసారి ఎంత వదలమంటారమ్మా?" అన్నాడు మామగారు.

"మీరు వదలగలిగినంత వదిలెయ్యండి బాబాయిగారూ. ఆయన మాత్రం ఆగేట్టు లేరు."

అందరూ నవ్వారు. మరదలు నవ్వుతూనే తొట్టి దగ్గరికి వెళ్లింది. వంగి చూసి నవ్వు ఆపేసింది.

"ఇదేంటి బావా, ఇలా అయిపోయాయేంటి? అక్క ఉన్నప్పుడు ఎలా ఉండేవి!"

ఆమె అతన్ని నిందించలేదు. చూసింది చూసినట్టు అంది. అతనికి మాత్రం గదిలో అందరూ తనవైపే చూస్తున్నట్టనిపించింది. గొట్టాలు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

"మీ నాన్నగారినే అడుగు," అన్నాడు.

మామగారు సూది ఆపాడు. "నన్నడగడమేంటి బాబూ?"

"తిండి వెయ్యొద్దని చెప్పాను కదా మామయ్యా."

"వెయ్యట్లేదు. నువ్వు చెప్పిన రోజు నుంచీ ఆ డబ్బా ముట్టుకోలేదు."

"మరి ఇదేంటి?" ఇసుక మీది గోధుమ జిగురు చూపించాడు. "ఇది కుళ్లిన తిండి కాకపోతే ఏంటి? నీళ్లలో మురికి లేకుండా నేను చెయ్యగలిగిందంతా చేశాను. కావాలంటే చూడండి, సున్నా. పగలంతా ఇంట్లో ఉండేది మీరొక్కరే. నేను చూడనప్పుడు వేస్తున్నారు."

"లేదు బాబూ."

"పోనీలే అన్నయ్యా," అన్నాడు తోడల్లుడు, వాతావరణం తేలిక చెయ్యబోతూ. "పెద్దాయన ఓ చిటికెడు వేస్తే మాత్రం ఏమైపోతుంది? వాటికీ పొట్టలుంటాయి కదా."

"ఏమైపోతుందా?" అతని గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆమె ప్రాణంగా పెంచుకుంది వీటిని. ఆమె పోయింది. మిగిలినవి ఇవే. వీటిని కూడా మీ చేత్తోనే చంపుతున్నారు మామయ్యా."

పై వాటా ఆవిడ ప్యాంటును చేతిలో ఇంకోసారి మడిచింది. మరదలు "బావా" అంది, చాలా చిన్నగా.

'కూడా' అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో అతనికి తెలియదు. అనాలనుకుని అనలేదు. కానీ అది గదిలోనే ఉండిపోయింది. మామగారు తన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు, దానికి ఏదో అంటుకుందేమో అన్నట్టు. తర్వాత సూదిని చొక్కా గుడ్డలో గుచ్చాడు. కత్తెరను పాత రుమాలులో చుట్టాడు.

"చిన్నమ్మా, కొన్నాళ్లు మీ ఇంటికొస్తానే," అన్నాడు. లేచి, గూట్లో ఉన్న తిండి డబ్బా తెచ్చి అతని ముందు బల్ల మీద పెట్టాడు. "ఇది మీ దగ్గర పెట్టుకోండి."

ఈ ఇంటికి అల్లుడిగా వచ్చిన నాటి నుంచి మామగారు అతన్ని 'మీరు' అనలేదు.

బ్యాగు సర్దడానికి ఎంతోసేపు పట్టలేదు. మెట్ల దాకా వెళ్లి సాగనంపాలని అతనికి తెలుసు. గొట్టాలు కడుగుతూ వంటగదిలోనే ఉండిపోయాడు.

మర్నాడు సెలవు. తొట్టి పని పెట్టుకున్నాడు. సన్నటి గొట్టం నోట పెట్టి పీల్చి, నీళ్లు పారగానే బకెట్లోకి వదిలి, ఇసుక మీది జిగురునంతా లాగేశాడు. రాళ్ల సందుల్లోది బ్రష్షుతో రుద్దాడు. కొత్తగా ఉప్పు కలిపిన నీళ్లు పోశాడు. గుళికల సంచి తీసి కొత్తది పెట్టాడు. మధ్యాహ్నానికి తొట్టి షాపులో అమ్మకానికి పెట్టినదానిలా మెరిసింది. మిగిలిన చేపలు, కొత్త జంట అని ఆమె పిలిచే నారింజ రంగు చారల చేపలు రెండూ, ఇంకో నీలి చేపా, ఒక మూల చేరి అతని చెయ్యి వైపే చూస్తున్నాయి.

కిటికీ దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. కింద ఒక తెల్ల దారపు ముక్క పడి ఉంది. ఊడుస్తున్నప్పుడు చీపురుకు చుట్టుకుని రాలేదు. వంగి వేళ్లతో తీసి, ఎక్కడ పడెయ్యాలో తెలియక కిటికీ అంచు మీద పెట్టాడు.

మరునాడు ల్యాబు నుంచి వచ్చేసరికి జిగురు మళ్లీ ఉంది. ఆ మర్నాటికి ఇంకా ఎక్కువ. ఇల్లు పొద్దున్నుంచి తాళం వేసే ఉంది. తాళం తనే వేశాడు, తనే తీశాడు. తిండి డబ్బా తను ఉంచిన బల్ల మీదే, ఉంచినట్టే ఉంది. చెప్పులు విప్పకుండా తొట్టి ముందు నిలబడ్డాడు. గుండ్రంగా, మడతలు మడతలుగా ఉండే పెద్ద పగడానికి ఒక అంచున మాంసం తొలగి తెల్లటి ఎముక బయటపడింది.

మెదడులోకి రాబోతున్న ఆలోచనను అతను రానివ్వలేదు. కుళ్లు పాతదై ఉంటుంది, రాళ్ల అడుగున దాక్కుని ఉంటుంది అనుకున్నాడు. ఇంట్లో పరీక్షల పొడులు మంచివి కావేమో. ఒక సీసా నిండా తొట్టి నీళ్లు పట్టి, మూత గట్టిగా బిగించి, బ్యాగులో పెట్టుకున్నాడు.

ల్యాబులో రంగును కొలిచే మిషను ఉంది. కంటికి కనిపించని రంగు కూడా దానికి కనిపిస్తుంది. మొదట ఏమీ లేని శుద్ధమైన నీళ్లు పెట్టి దానికి సున్నా చూపిస్తారు. ఆ నీళ్లను వాళ్లు బ్లాంకు అంటారు. తర్వాత పరీక్ష చెయ్యాల్సిన నీళ్లు పెడతారు. అతను వడపోసి, మందులు కలిపి, వేచి ఉండి, బ్లాంకు పెట్టి, తీసి, తొట్టి నీళ్లు పెట్టాడు. పక్క బల్ల దగ్గర పనిచేసే అమ్మాయి తన సీసాల మీద చీటీలు అంటిస్తూ మిషను వైపు తొంగి చూసింది.

"సార్, బ్లాంకే రెండుసార్లు పెట్టారు."

"లేదు. ఇది శాంపిలే."

"ఎవరి నీళ్లండీ ఇంత శుభ్రంగా? ఉత్త బ్లాంకులా ఉంది. ఏ ఊరో చెప్పండి, అక్కడే ఇల్లు కట్టుకుంటాను."

"మా ఇంట్లో తొట్టివి."

"చేపల తొట్టా?" ఆమె చీటీ అంటించడం ఆపింది. "మరి మీ చేపలు ఏం తింటున్నాయి సార్, గాలా?"

హాస్యానికే అంది. తన పనిలోకి వెళ్లిపోయింది కూడా. అతను మాత్రం మిషను ముందు కదలకుండా ఉండిపోయాడు.

తిండి వేస్తే చేపలు తింటాయి. తిన్నది విసర్జిస్తాయి. తినని ముక్కలు కుళ్లుతాయి. ఎలా అయినా చివరికి అది నైట్రేటుగా, ఫాస్ఫేటుగా నీళ్లలో తేలాల్సిందే. బావి పక్కన పశువుల పాక ఉందో లేదో బావి చూడకుండా చెప్పడం అతని ఉద్యోగం. రహస్యంగా ఎవరైనా తొట్టిలో తిండి కుమ్మరిస్తూ ఉంటే ఈ గొట్టంలో రంగు రాకుండా ఉండదు. ఆ సాయంత్రం కూడా రంగు రాలేదు. ఆ రంగు రాని గొట్టాన్ని చేత్తో పట్టుకుని, అందరికీ చూపిస్తూనే, మీరు వేస్తున్నారని అన్నాడు. ఆ మనిషి వెయ్యలేదనడానికి సాక్ష్యం తన వేళ్ల మధ్యే ఉంది.

రెండో సంగతి అంతకంటే నెమ్మదిగా వచ్చింది, కానీ వచ్చాక కదలలేదు. పగడాల ఒంట్లో కంటికి కనిపించని నాచు ఉంటుంది. వాటి రంగు అదే, వాటికి అన్నం వండిపెట్టేదీ అదే. ఆ నాచుకు ఎరువు కావాలి. ఆ ఎరువు చేపల మురికే. అతనికి ఇది తెలియంది కాదు. నైట్రేటు ఎక్కువైన చెరువు పచ్చగా ఎందుకు మారుతుందో కొత్తగా చేరినవాళ్లకు అతనే పాఠం చెబుతాడు. ఇంట్లో మాత్రం తాగే నీళ్ల లెక్క పట్టుకుని కూర్చున్నాడు. మామగారు తిండి మానేశాకే పగడాలు పాలిపోవడం మొదలుపెట్టాయి. పాలిపోయిన కొద్దీ తను చేపల్ని తీసేశాడు, గుళికలు పెట్టాడు. ఇసుక మీది జిగురు కుళ్లిన తిండి కాదు, అదీ ఒక జీవమే; వేరే నాచు పోటీ లేని ఆ ఉత్త నీళ్లలో అది హాయిగా పెరిగింది. పగడాలు తెల్లబడిన కొద్దీ ముసలాయన మాట నిజమని అవి చెబుతూ వచ్చాయి. తెల్లబడిన కొద్దీ అతను ఆయన్ని దొంగ అనుకుంటూ వచ్చాడు.

భార్య రోజూ పొద్దున్నే అద్దం లోపలి పచ్చటి పొరను అయస్కాంతపు తుడుపుతో తుడిచేది. "ఇంత పాచి పడుతోందంటే నీళ్లలో నైట్రేటు ఎంతుందో చూసుకోవా?" అని అతను ఒకసారి అన్నాడు. "అద్దం మురికైతే తుడుచుకుంటాం. అద్దం కోసం ఇంట్లో వాళ్లని పస్తు పెడతామా?" అందామె, తుడవడం ఆపకుండానే. ఆ తుడుపు ఇప్పుడు తొట్టి మీద ఎండిపోయి ఉంది. దానితో పని పడి ఎన్నాళ్లయిందో అతను గమనించనే లేదు.

ల్యాబు నుంచి మరదలు ఇంటికి ఒకే బస్సు. అతను ఆ బస్సు ఎక్కలేదు. చేపల షాపుకి వెళ్లాడు.

"హెడ్మాస్టరు ఉన్నాడా?" అనబోయి, "పసుపు చేప ఉందా?" అన్నాడు.

"వెళ్లిపోయిందండీ. పిల్లల డాక్టరుగారు తీసుకెళ్లారు. ఆయన హాస్పిటల్లో పిల్లలు ఏడుపు ఆపి దాన్నే చూస్తున్నారట." షాపతను వల తీశాడు. "వేరేవి చూడండి. ఈ చిన్న ఆకుపచ్చవి కలిసి తిరుగుతాయి, గొడవ పెట్టుకోవు. మేడంగారికి ఇష్టం ఇవి. ఆవిడ ఎప్పుడొచ్చినా చేపలు చూసేవారు, తిండి కొనుక్కెళ్లేవారు."

చిన్నవి కొన్ని కవర్లో పట్టించుకుని ఇంటికి వచ్చాడు. కవరును తొట్టి నీళ్లలో తేలేసి, రెండు నీళ్ల వేడీ ఒకటయ్యేదాకా ఆగి, తొట్టి నీళ్లు కాస్త కాస్త కలిపి వదిలాడు. గుళికల సంచి తీసేశాడు. పస్తులున్న తొట్టిలో ఒకేసారి తిండి కుమ్మరించినా ప్రమాదమే. ఒక చిటికెడు వేశాడు. చేతులు తుడుచుకుంటుంటే అప్పుడు తోచింది, తను ముందు వెళ్లాల్సింది షాపుకి కాదని. చేపలకు ముఖం చూపించడం సులువు.

మర్నాడు సెలవు పెట్టి వెళ్లాడు. మరదలు తలుపు తీసింది. లోపల తోడల్లుడు ఆఫీసుకు బయల్దేరుతూ షూ వేసుకుంటున్నాడు. మామగారు వరండాలో పీట మీద కూర్చుని చొక్కాకు బొత్తాం కుడుతున్నాడు. ముడి వేసి, తల వంచి, దారాన్ని పళ్లతో కొరికాడు. సరిగ్గా తెగలేదు. మళ్లీ కొరికాడు.

"కత్తెరేది?" అన్నాడు అతను మరదలితో.

మరదలు అతన్ని వంటగదిలోకి తీసుకెళ్లింది. "నేనే దాచాను బావా. నాన్నకి... కొంచెం మతిమరుపు మొదలైనట్టుంది."

"ఎవరన్నారు?"

"నాన్నే అన్నాడు. ఇక్కడికి వచ్చిన మర్నాడే. 'అల్లుడు ఊరికే అనే మనిషి కాదే చిన్నమ్మా. నేను వేస్తూనే ఉండుంటాను, వేసిన సంగతే మర్చిపోతున్నానేమో' అన్నాడు. అప్పట్నుంచి ప్రతిదానికీ నన్నే అడుగుతున్నాడు. మాత్ర వేసుకున్నానా, తలుపు గడియ పెట్టానా అని. స్టవ్వు దగ్గరికి వెళ్లొద్దని నేను అనలేదు, ఆయనే వెళ్లడం మానేశాడు. డాక్టరుగారు ఎల్లుండి రమ్మన్నారు. కత్తెర కూడా తనే ఇచ్చాడు, దాచమని."

వంటగది కిటికీలోంచి మామగారి వీపు కనిపిస్తోంది. కుట్టిన బొత్తాన్నే వేలితో మళ్లీ మళ్లీ లాగి చూసుకుంటున్నాడు.

ఇక్కడికి వచ్చే దారంతా అతను ఒక వాక్యం సిద్ధం చేసుకున్నాడు. అది తనమీద కోపంగా ఉన్న మనిషి కోసం సిద్ధం చేసింది. అబద్ధం ఆడారని అంటే కోపగించుకున్న మనిషిని బతిమాలుకోవచ్చు. తనకంటే అల్లుడి మాటనే ఎక్కువగా నమ్మిన మనిషి ముందు ఆ వాక్యం ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

వరండాలోకి వచ్చి మామగారి పక్కన నేల మీద కూర్చున్నాడు. తోడల్లుడు ఒక షూతో ఆగిపోయాడు.

"మామయ్యా, మీరు వెయ్యలేదు."

"ఏంటండీ?"

"తిండి. మీరు ఒక్కసారి కూడా వెయ్యలేదు. నాకు తెలిసింది. నిన్న ల్యాబులో చూశాను. మీరు వేసి ఉంటే నీళ్లలో తెలిసేది. మీరు మానేసినందుకే అవి పాలిపోయాయి. తప్పు చేసింది నేను. తిండి లేకుండా మాడ్చింది నేను." తోడల్లుడివైపు, మరదలివైపు తిరిగాడు. "అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందూ చెబుతున్నాను."

మామగారు అతని ముఖంలోకి కాసేపు చూశాడు. ఆ చూపులో క్షమించడం లేదు, కోపమూ లేదు. జబ్బు మనిషిని పలకరించడానికి వచ్చినవాళ్ల మాటలు వింటున్నట్టు చూశాడు.

"మీరు పెద్దమనసుతో అంటున్నారు," అన్నాడు.

"పెద్దమనసు కాదు మామయ్యా, లెక్క. నా ఉద్యోగమే అది."

"ఆ రోజు కూడా లెక్క చూసే అన్నారు కదండీ."

తోడల్లుడు తల దించుకుని రెండో షూ లేసు కట్టుకోవడం మొదలుపెట్టాడు, కట్టి, విప్పి, మళ్లీ కట్టాడు.

"పోనీ నువ్వు ఒకసారి ఇంటికెళ్లి చూసిరా నాన్నా," అంది మరదలు. ఆమె కళ్లు తుడుచుకోలేదు. లోపలికి వెళ్లి రుమాలులో చుట్టిన కత్తెర తెచ్చి తండ్రి ఒళ్లో పెట్టబోయింది. మామగారు చేతులు చాచలేదు. ఆమె దాన్ని బ్యాగులో పెట్టింది.

తమ ఇంటి మెట్లు ఎక్కుతుంటే పై వాటా ఆవిడ ఎదురైంది. మామగారిని చూసి "వచ్చేశారా బాబాయిగారూ, మా ఆయన బెల్టు పెట్టుకుని తిరుగుతున్నారు," అంది, అతనివైపు చూడకుండా. పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

అతను ఆగాడు. "ఆ రోజు నేను మామయ్యని అన్నది తప్పండి. ఆయన తొట్టిలో ఏమీ వెయ్యలేదు. నేనే సరిగ్గా చూసుకోలేదు."

ఆవిడ "ప్యాంటు తెచ్చిస్తాను," అని చరచరా పైకి వెళ్లిపోయింది. మామగారు మెట్టు మీద చెయ్యి ఆనించుకుని, ఆ మాటలు ఎవరి గురించో అన్నట్టు విన్నాడు.

లోపల తొట్టి నీళ్లు కాస్త మసకగా ఉన్నాయి. అద్దం మీద ఒక మూల పచ్చటి పొర, ఊదితే పోయేంత పల్చగా. కొత్త చిన్న చేపలు గుంపుగా రాయి వెనకనుంచి వచ్చి మళ్లీ రాయి వెనక్కి పోయాయి. పగడాలకు రంగు రాలేదు. అది వచ్చేసరికి ఎన్ని వారాలు పడుతుందో, అసలు వస్తుందో లేదో చెప్పలేం. మడతల పగడం అంచున బయటపడిన తెల్లటి ఎముక మాత్రం మళ్లీ మూసుకోదు.

మామగారు ముందుకు వంగి చూశాడు. "హెడ్మాస్టరు?"

"వేరే ఇంటికి వెళ్లిపోయింది మామయ్యా. ఇక తేలేను."

"ఊఁ." కొత్త చేపలవైపు చూశాడు. "ఇవి చిన్న పిల్లల్లా ఉన్నాయి."

"పేర్లు పెట్టాలి."

అతను తిండి డబ్బా మూత తీసి పట్టుకున్నాడు. మామగారు దానివైపు చూశాడు, అతనివైపు చూశాడు. తర్వాత రెండు వేళ్లు లోపల పెట్టి, సుద్దముక్క పట్టుకున్నట్టు చిటికెడు తీశాడు. పాత కొలత చెయ్యి మరిచిపోలేదు. నీళ్ల మీదికి తెచ్చాడు. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

"ఇవాళ ఇంతకుముందు వేశానా బాబూ నేను?"

"లేదు మామయ్యా. ఇప్పుడే కదా వచ్చాం."

"నిన్న?"

"నిన్న మీరు ఇక్కడ లేరు."

"అంతకుముందు?"

"అంతకుముందు కూడా లేదు. నేను వద్దన్నాక మీరు ఒక్కరోజు కూడా వెయ్యలేదు."

మామగారు తలాడించాడు. నమ్మినట్టు కాదు, విన్నట్టు. వేళ్లు విడిపోలేదు. తన చేతినే చూసుకుంటున్నాడు, అది తనకు తెలియకుండా ఏదైనా చేస్తుందేమో కనిపెట్టాలన్నట్టు.

"మీరు వెయ్యలేదు మామయ్యా," అన్నాడతను మళ్లీ. రేపు పొద్దున్న కూడా ఇదే చెప్పాలి, ఎల్లుండి కూడా. ఎన్నాళ్లు చెప్పాలో ఏ గొట్టంలోనూ తేలదు.

నీళ్ల మీద చెయ్యి నీడ పడింది. కొత్త జంట, వాటి వెనక చిన్న చేపలు పైకి వచ్చి, ఆ నీడ కింద నోళ్లు తెరుచుకుని ఆగాయి.